ఎంత ఓపికో ఆ అబ్బాయికి!

“పాస్‌వర్డ్ చెప్పండమ్మా, రెండు నిమిషాల్లో అయిపోతుంది,” అన్నాడు ఫోన్లో అబ్బాయి, నాలుగోసారి.

“చెప్తాను నాయనా, ఎక్కడికి పోతాను? ముందు దీని రోగమేమిటో తేల్చు,” అంది అత్తగారు. ఫోను స్పీకర్లో పెట్టి కుట్టుమిషను మీద ఉంచింది. చేతిలో సుద్దముక్కతో గుడ్డ మీద కాలరు గీస్తూనే మాట్లాడుతోంది.

అదే బల్లకి అటుపక్క కంప్యూటర్ ముందు కూర్చున్న కోడలికి మాత్రం ప్రాణం కుదురుగా లేదు. అత్తగారి కుట్టుపాఠాల సైటును పాత కంప్యూటర్లోంచి కొత్తదానిలోకి మార్చింది తనే. “నడుస్తున్న బండికి చక్రాలు మార్చడమెందుకే?” అని ఆవిడ మొత్తుకున్నా వినలేదు. మార్చాక సైటు కళకళలాడుతూ కనిపిస్తోంది గానీ ఒక్కరినీ లోపలికి రానివ్వడం లేదు. పేరు, పాస్‌వర్డ్ కొడితే కాసేపు ఆలోచించినట్టు నటించి, మళ్ళీ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పోనీ తప్పు కొట్టావనైనా అనదు.

నూటపన్నెండు మంది శిష్యురాళ్ళు రెండు రోజులుగా బయటే పడిగాపులు. నాలుగింటికి కొత్త పాఠం తెరుచుకోకపోతే వేరేచోట చేరిపోతామని సగం మంది మెసేజీలు పెట్టేశారు. పదేళ్ళుగా అత్తగారు కూడగట్టుకున్న బృందం తన అతితెలివి వల్ల చెల్లాచెదురైతే, ఇక ఈ ఇంట్లో తలెత్తుకు తిరిగేదెలాగని కోడలి దిగులు. పొద్దున్నే కంప్యూటర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేసి మొరపెట్టుకుంది. రెండింటికి అత్తగారి ఫోను మోగింది. “మీ కంప్యూటర్లో సమస్య ఉందని మాకు తెలిసిందమ్మా,” అన్నాడు అబ్బాయి. కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

తీరా చూస్తే అత్తగారు అతన్ని పని చేసుకోనిస్తేనా!

“మీ స్క్రీను మాకు కనబడేలా ఒక యాప్ పెట్టుకోండమ్మా. మిగతాది నేను చూసుకుంటాను.”

“మా కళ్ళున్నాయిగా. నువ్వడుగు, మేం చదివి చెప్తాం.”

“చాలాసేపు పడుతుందండీ.”

“పడనీ. మధ్యాహ్నం నాకూ పొద్దుపోదు.”

“పోనీ, పాస్‌వర్డ్ దగ్గర ఏముందో చదవండి.”

“ఎనిమిది నల్ల చుక్కలున్నాయి నాయనా.”

కోడలు నెత్తి కొట్టుకుంది. “నేను చెప్తానండీ, అది...” అని నోరు తెరిచేలోపు బల్ల కింద ఆవిడ కాలు వచ్చి ఆమె పాదం తొక్కింది. వయసు మీదపడితే మొండితనం కూడా మీదపడుతుంది కాబోలని కోడలు పళ్ళు బిగించుకుంది.

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. “సరే, లోపలికి వెళ్ళబోయినప్పుడు పైన అడ్రసు ఏమని పడుతోంది?”

కోడలు తన ఫోన్లోంచి ప్రయత్నించి చూసింది. “పాత కంప్యూటర్ అడ్రసు పడుతోందండీ!”

“అదీ సంగతి. సెట్టింగుల్లో అడ్రసు మార్చలేదు మీరు. వచ్చినవాళ్ళని అది పాతదాని దగ్గరికి పంపేస్తోంది.”

“ఇల్లు మారి, చుట్టాలకి పాతింటి అడ్రసు ఇచ్చినట్టన్నమాట,” అంది అత్తగారు కత్తెర అందుకుంటూ.

“అచ్చం అంతేనమ్మా. ఇప్పుడు పాస్‌వర్డ్...”

“ముందు ఇది మార్చనీ.”

కోడలు మార్చింది. ఈసారి సైటు ఫోన్లో లోపలికి రానిచ్చింది. ఆమె చప్పట్లు కొట్టేలోపే మళ్ళీ బయటికి గెంటేసింది.

“గుమ్మం దాటనిచ్చి మెడపట్టి గెంటుతోంది నాయనా. నీవల్ల కాదేమోలే, ఇంకెవరినైనా అడుగుతాం.”

ఆ మాట అబ్బాయికి ఎక్కడో తగిలినట్టుంది. “నావల్ల కాకపోవడమేంటండీ!” అన్నాడు రోషంగా. అక్కణ్ణుంచి పాస్‌వర్డ్ ఊసెత్తలేదు. అది తెరవమన్నాడు, ఇది చదవమన్నాడు, ఆగమన్నాడు. ఉన్నట్టుండి, “ఆగండాగండి! ఏదీ ముట్టుకోకండి. ఆ కంప్యూటర్లో టైమెంత?” అని అరిచాడు.

“పదీ ఇరవై,” అంది కోడలు.

“అసలు టైము?”

“మూడూ ఇరవై... అయ్యో!”

అబ్బాయి పకపకా నవ్వాడు. “లోపలికి వచ్చినవాళ్ళకి అది గంటసేపటికి చీటీ ఇస్తుంది. దాని గడియారం ఐదు గంటలు వెనకుంది కదా, మీ ఫోన్ల టైము ప్రకారం ఆ చీటీ ఇచ్చినప్పుడే చెల్లకుండా పోతోంది. టైము సరిచేయండి.”

సరిచేసింది. ఫోన్లో సైటు తెరుచుకుంది. నిమిషం గడిచినా గెంటలేదు. కోడలు అందరికీ మెసేజీ పెట్టింది. పావుగంటలో ఒకరి తర్వాత ఒకరు లోపలికొచ్చి పడ్డారు. నాలుగయ్యేసరికి తొంభై మంది! కోడలికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

“ఇప్పుడైనా ఆ పాస్‌వర్డ్ చెప్పండమ్మా,” అన్నాడు అబ్బాయి, దాదాపు ఏడుపు గొంతుతో. “మా బాసు పక్కనే నిలబడ్డాడు. వట్టి చేతులతో లేస్తే నా తోలు తీస్తాడు.”

“తలుపు తెరుచుకున్నాక తాళంచెవితో పనేముంది నాయనా? చల్లగా ఉండు,” అని అత్తగారు ఫోను పెట్టేసింది.

కోడలు ఇక ఆగలేకపోయింది. “ఏంటత్తయ్యా అది! రెండు గంటలు విసుక్కోకుండా చేసిపెట్టాడు. ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయింది? రేపు ఇంకేదైనా పాడైతే ఆ కంపెనీవాళ్ళు మన ఫోనెత్తుతారా?”

అత్తగారు సూదిలోకి దారం ఎక్కించి, ముడి వేసి, కళ్ళద్దాల మీంచి కోడలి వంక తాపీగా చూసింది.

“నిన్న బ్యాంకు మేనేజరునంటూ నన్ను ఓటీపీ అడిగింది వీడేనే.”