మానిన చేతులు

“ఆ చేతులతో నిన్ను నీళ్ళలోకి దిగనివ్వలేను తల్లీ,” అంది గ్వెండా, ఈతకొలను టికెట్ల కిటికీ వెనక నుంచి.

లియోనీ ఈతదుస్తుల మీద తువ్వాలు కప్పుకుని నిలబడి ఉంది. వెనక ఏడెనిమిది మంది తల్లులు వరసలో ఉన్నారు. లోపల ఆమె కూతురు బ్రైడీ చదివే బడి పిల్లల ఈతపోటీలు అయిపోవచ్చాయి. ఆఖరున తల్లుల రిలే, అందులో మూడోగా ఈదే వంతు లియోనీది. నిన్న పేరు ఇచ్చేటప్పుడే ఆమెకు చెమటలు పట్టాయి. భుజాల నుంచి మోచేతుల దాకా గుండ్రటి మచ్చలున్న ఆ చేతుల్ని నలుగురికీ చూపించి పదకొండేళ్ళయింది. బరింగా ఊరు పెనంలా కాలే అక్కడి నడివేసవి ఫిబ్రవరిలో కూడా ఆమె పొడుగు చేతుల చొక్కా విప్పేది కాదు.

ఎందుకు దిగకూడదని అడిగింది. గ్వెండా గోడకున్న బోర్డు వైపు వేలు చూపించింది. పుండ్లు, అంటుజబ్బులు ఉన్నవాళ్ళకి ప్రవేశం లేదని రాసి ఉంది. ఇందులో పచ్చి పుండు ఒక్కటి చూపించమని లియోనీ రెండు చేతులూ కిటికీలోకి చాపింది. గ్వెండా చూడలేదు. డాక్టరు కాగితం తెచ్చుకోమంది. ఈ ఊళ్ళో డాక్టరు దొరకాలంటే తొమ్మిది రోజులు, పోటీ చూస్తే పావుగంటలో.

“పోయిన బుధవారం అతను తలంతా దద్దుర్లతో వచ్చాడు, ఆ ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. అతన్ని అడిగారా కాగితం?” అంది లియోనీ.

గ్వెండా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆ కిటికీలో కూర్చున్న మనిషి, ఎవరికీ ఎదురుచెప్పకుండా ఉండటం ఆమెకు అలవాటు లేదు.

“ఎవరో ఏదో చెప్పారు. అంతేనా?” అని నిలదీసింది లియోనీ.

“ఒక చీటీ వచ్చింది,” అంది గ్వెండా. “ఎవరు రాశారో చెప్పను. అడక్కు.”

లియోనీకి ఒళ్ళు మండిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగింది. వరసలో మూడో మనిషి పెట్రా. పోయిన వారం కొలను గట్టు మీద లియోనీ వచ్చి కూర్చోగానే ఆవిడ తన తువ్వాలు తీసుకుని అవతలికి జరిగింది. అది లియోనీ మనసులో ముల్లులా ఉండిపోయింది.

నేరుగా ఆవిడ ముఖం మీదే అడిగేసింది, చీటీలు రాయడం దేనికి, ఎదురుగా అడగడానికి నోరు లేదా అని. పెట్రా సమాధానం చెప్పేలోగా ఇంకా గొంతు పెంచింది. ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆమెకే తెలియదు. పదకొండేళ్ళుగా భర్తకి కూడా సరిగ్గా చెప్పని సంగతి.

“ఇది అంటుజబ్బు కాదు. నా గోళ్ళతో నేను చేసుకున్నది. చిన్న పొక్కు కనిపిస్తే చాలు, గిల్లేదాన్ని. పక్కు కడితే పీకేదాన్ని. రక్తం వచ్చేదాకా చెయ్యి ఆగేది కాదు. మానెయ్యి మానెయ్యి అని అందరూ చెప్పేవాళ్ళే, మానడమంటే ఏమిటో మీకేం తెలుసు? వేళ్ళ చివర ప్లాస్టర్లు చుట్టుకుని కొట్లో రొట్టెలు సర్దుతున్నాను. స్నానాల గదిలో అద్దానికి దుప్పటి కట్టాను. టీవీ ముందు కూర్చుంటే చేతులకి మేజోళ్ళు తొడుక్కుంటున్నాను. పచ్చిపుండ్లు మాని మచ్చలయ్యాయి. మచ్చలైతే ఇప్పుడు మీకు రోగం కనిపించిందా?”

వరసలో ఎవరూ నవ్వలేదు. లోపల ఈల మోగింది, పిల్లల కేకలు వినిపించాయి.

పెట్రా ముఖం ఎర్రబడింది. “నేనేం రాయలేదు. రాస్తే కింద పేరు పెట్టి రాస్తాను, దొంగ చీటీలు మా ఇంటా వంటా లేవు,” అంది. “ఆ రోజు తువ్వాలు జరిపింది చీమలు కుట్టి. నీకు చెప్పకపోవడం నా తప్పే. నీకూ కుట్టాయా?”

కుట్టాయి. కానీ లియోనీ ఆ మాట ఒప్పుకోలేదు. కోపం కూడా దిగలేదు. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు మోచేతులూ కిటికీ గట్టు మీద ఆనించింది. చీటీ చూపిస్తే గానీ కదలనంది. కావాలంటే పోలీసుల్ని పిలవమంది. వెనకనున్న తల్లులు, చూపించండి, తప్పేముంది అని ఆమె పక్షమే మాట్లాడారు. ఇంకా నాలుగు నిమిషాలుందని ఎవరో టైము చెప్పారు.

గ్వెండా కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తరవాత ఆ వరసకేసి చూసింది.

“ఇంతమంది ముందు నువ్వే చెప్పేశావు కదా, ఇంక నేను ఆ బోర్డు అడ్డం పెట్టుకుని లాభం లేదు,” అంది. “తిట్టించుకోవడానికి నేనున్నాలే అనుకున్నాను. ఇదిగో. చదువుకుని లోపలికి పో, నీ వంతుకి టైమవుతోంది.”

సొరుగులోంచి తీసి ఇచ్చింది. గీతల నోటుపుస్తకం నుంచి చింపిన కాగితం, నాలుగు మడతలు. పెన్సిలుతో అదిమి అదిమి రాసిన అక్షరాలు:

“గ్వెండా ఆంటీ, మా అమ్మని ఇవాళ నీళ్ళలోకి దిగనివ్వకండి. చేతులు చూసి ఎవరైనా నవ్వితే మళ్ళీ గిల్లుకోవడం మొదలుపెడుతుంది, నలభై మూడు రోజులైంది మానేసి, నేను చెప్పానని మాత్రం చెప్పకండి — బ్రైడీ.”