కొట్టేశారు

కూడలికి నాలుగు వైపులా నాలుగు పాత భవనాలుండేవి. గంటస్తంభం పోయింది. ఎర్ర ఇటుకల తపాలా ఆఫీసు పోయింది. రాతి మెట్ల గ్రంథాలయం నిన్ననే నేలమట్టమైంది. మిగిలింది నాటకశాల ఒక్కటే.

దాని టికెట్ గదిలోనే టైలరక్క కుట్టుమిషను. వెనక రెండు గదుల్లో కాపురం. తెరలకు రంగులేసి బతికిన ఆమె తండ్రి కన్నుమూసింది కూడా అక్కడే.

“శిథిలమైంది, కూల్చేయండి” అని మున్సిపాలిటీ ఆర్డరిచ్చింది. కొత్తగా కట్టుకున్న తన ఆఫీసు పైకప్పు వాన పడితే కారుతుంది. దాని గురించి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

అక్క తమ్ముడు కోర్టుకెక్కాడు. ఇవాళే తీర్పు.

పొద్దున్నే బుల్డోజరు వచ్చి నిలబడింది. టైలరక్క మెట్లకి అడ్డంగా కూర్చుంది. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

“మీతో నాకేం పగ లేదమ్మా,” అన్నాడు కాంట్రాక్టరు. “కోర్టు ఏమందో మీ నోటితోనే చెప్పండి. అందాకా ఒక్క ఇటుక కదపను.”

మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల ఒకటే జనం గోల. అందులోంచి తమ్ముడి గొంతు.

“అక్కా... కొట్టేశారక్కా! కొట్టేశారు!”

వాడు ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా ఏడవనివాడు.

“ఇంకేం చెప్పకురా. నేను వినలేను,” అంది. ఫోన్ ఆపేసి సంచిలో పడేసింది.

“ఏమన్నారమ్మా?” కాంట్రాక్టరు మెల్లగా అడిగాడు.

“కొట్టేశారు.” లేచి పక్కకి తప్పుకుంది. “ఇంక మీ పని మీరు కానివ్వండి.”

ఆయన తల దించుకున్నాడు. కూలీలే మిషనూ, మంచమూ, తండ్రి రంగుల డబ్బాలూ బయటపెట్టారు. మట్టిలో పడిన చీరల్ని టైలరక్క ఒక్కొక్కటే దులిపి మంచం మీద పెట్టింది.

మొదటి దెబ్బకే ముందు కమాను కూలింది. టైలరక్క అటు చూడలేదు. చెవులు మూసుకుని, మిషను మీద తల వాల్చి బావురుమంది.

సాయంత్రం బస్సు దిగి తమ్ముడు పరుగున వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. దుమ్ము ఇంకా అణగలేదు. ఆ దుమ్ములో అక్కని వెతుక్కుని, గోడలు లేని చోటును చూసి కొయ్యబారిపోయాడు.

“కూల్చమన్న ఆర్డర్నే కదక్కా కోర్టు కొట్టేసింది!”