అహేరి దాకా

సిరోంచలో ఇషాక్ డీజిల్ అంబాసిడర్‌ను ఎరగనివారు లేరు. పాతబడినా గీత పడలేదు. వెనుక సీటుకు ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. దాన్ని కొనడానికి నాగేపల్లి నుంచి పోచన్న వచ్చాడు. పొద్దుగూకాక ఇద్దరూ అడవి రోడ్డు మీద నడిపి చూశారు. వాగు దగ్గర పోచన్న ఇంజన్ ఆపాడు. కీచురాళ్ల చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో వెనుక సీటు కవరు గరగరమంది, ఎవరో ఒత్తిగిలినట్టు.

"ఏంది భాయ్ అది?"

"గాలి," అన్నాడు ఇషాక్, వెనక్కి తిరగకుండా.

నిరుడు వానల్లో పక్కింటి నర్సక్కకు నొప్పులొస్తే, ఆమె పెనిమిటి వచ్చి అహేరి దవాఖానకు పోను బండి అడిగాడు. సీటు ఖరాబవుతుందని ఇషాక్ డీజిల్ లేదన్నాడు. ట్యాంకు నిండా ఉంది. ఎడ్లబండిలో అహేరికి చేరకముందే నర్సక్క పోయింది. ఆనాటి నుంచి ఆ ఇంటివైపు తలెత్తి చూడలేకపోయాడు.

ఊళ్లోకి వచ్చాక బేరం కుదిరింది. ఇషాక్ బండి దిగాడు. పోచన్న సంతోషంగా స్టీరింగు నిమిరాడు.

"నా బిడ్డకు నెలలు నిండినయ్ భాయ్. ఇగ నాకు ఫికర్ లేదు."

ఈ బండి వద్దని చెప్పాలనుకున్నాడు ఇషాక్. చెబితే ఎందుకో కూడా చెప్పాలి.

పోచన్న లోపలి అద్దంలోకి చూసి గొంతు తగ్గించాడు. "గీ అక్క ఎప్పుడెక్కింది? దిగదా?"

ఇషాక్ నేల చూపులు చూశాడు.

"అహేరి దన్క తీస్కపో," అన్నాడు.