చప్పిడి గొంతు

"నా కథ ఆయన చేత మాత్రం చదివించకండి మాస్టారూ," అంది నర్సమ్మ.

"ఎవరి చేతమ్మా?"

"ఇంకెవరండీ, చప్పిడాయన! రాయడానికి నాకు వారం పడుతుంది. చంపడానికి ఆయనకి ఒక్క పేజీ చాలు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

పగలంతా ఆసుపత్రి వార్డులో నిలబడి, ఇంటికెళ్ళి అత్తగారికి భోజనం పెట్టి, అప్పుడొచ్చేది ఆమె ఈ సాయంత్రపు కథల తరగతికి. కాళ్ళు లాగేవి. కళ్ళు మూతలు పడేవి. బయలుదేరేముందు దేవుడికి దండం పెట్టి, "ఇంత ఓపిక ఇవ్వు స్వామీ" అనుకునేది. ఆయన ఇస్తున్నాడో లేదో ఆమెకే తెలిసేది కాదు.

అయినా వచ్చేది. కారణం ఒక రచయిత్రి.

ఆవిడ పుస్తకాలు చదివే, చస్తే ఇలాంటిది ఒక్కటైనా రాసి చావాలి అనుకుంది నర్సమ్మ.

తరగతిలో ఒక పద్ధతుంది. ఎవరి కథ వాళ్ళు చదవకూడదు. మరొకరు పైకి చదువుతుంటే, రాసినవాళ్ళు నోరు మూసుకుని వినాలి.

నర్సమ్మ కథ ప్రతిసారీ వెనక బెంచీ పెద్దాయనే మాస్టారిని అడిగి తీసుకునేవాడు.

తను ఒక్క ముక్క రాయడు. ఎవరిదీ బాగుందనడు, బాగోలేదనడు. కథలో చావొచ్చినా పెళ్ళొచ్చినా రైళ్ళ టైంటేబుల్ చదివినట్టే చదువుతాడు. ఎక్కడో తడబడి ఆగిపోతాడు. ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంటాడు.

అందరూ నవ్వుతారు.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేనండీ," అనేవాడు పక్క బెంచీ టైలరు. "కథకి ఏడుపొచ్చినా ఈయన గొంతుకి రాదు."

ఆయన తడబడ్డ వాక్యాలను నర్సమ్మ ఇంటికెళ్ళి కసిగా కొట్టేసేది. ఈసారి ఎక్కడ ఆగుతాడో చూస్తాననుకునేది.

ఇప్పుడు ఆ రచయిత్రే తరగతికి వస్తున్నారు. ఏళ్ళ తరబడి గడప దాటని మనిషి, తనంతట తానే కబురు పెట్టారు. ఒక్క కథే వింటారట. మాస్టారు నర్సమ్మ కథని ఎంచారు.

"మరి ఎవరు చదవాలంటావు?"

"మన ముందు బెంచీ నాటకాలాయన."

"పెద్దాయన నొచ్చుకుంటాడేమోనమ్మా."

"ఇది కూడా చప్పగా పోతే నేనిక కలం ముట్టను మాస్టారూ. నావల్ల కావడం లేదు."

మాస్టారు వెళ్ళి పెద్దాయనకి చెప్పారు. ఆయన అప్పటికే తీసుకుని ఉన్న ఆ కథ కాగితాలను అంచులు కలిపి, తెచ్చి నర్సమ్మకిచ్చాడు.

"చివరి పేజీలో ఇంకొక్కచోట ఆగుతోందమ్మా," అన్నాడు.

ఆమెతో ఆయన మాట్లాడటం అదే మొదలు.

"మీకు ఆగుతుందండీ. ఆయనకి ఆగదు."

పెద్దాయన తల ఊపి వెళ్ళిపోయాడు. మళ్ళీ తరగతికి రాలేదు.

"అలిగాడు," అన్నాడు టైలరు. "పోనీలెండి, మన చెవులకి సెలవు."

నర్సమ్మ ఆ చివరి పేజీని కొట్టేయలేదు సరికదా, పెంచింది. నాటకాలాయన గొంతు విప్పడానికి వీలుగా నాలుగు వెక్కిళ్ళూ రెండు అయ్యోలూ చేర్చింది.

ఆరోజు నాటకాలాయన చదువుతుంటే గది గదంతా ముక్కులు ఎగబీల్చింది. టైలరైతే జేబురుమాలు చాలక చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

రచయిత్రి చప్పట్లు కొట్టలేదు.

"ఆ కాగితాలు ఇలా ఇవ్వండి."

వంకరపోయిన వేళ్ళతో తిప్పి, చివరి పేజీ పైకి చదవడం మొదలుపెట్టారు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. రైళ్ళ టైంటేబుల్ చదివినట్టు.

సగంలో తడబడి ఆగారు. ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇందాక ఏడ్చింది ఆయన గొంతమ్మా, నీ కథ కాదు," అన్నారు నర్సమ్మతో. "మిగతాదంతా నిలబడింది. ఈ పేజీ మా అన్నయ్య చదవలేదా?"

"మీ అన్నయ్యా?"

"ఈ వెనకెక్కడో కూర్చునేవాడటగా. ఇక్కడొక నర్సు రాస్తోంది, వెళ్ళి వినమని పోరి పోరి నాచేత కబురు పెట్టించాడు."

అందరూ వెనక బెంచీ వైపు చూశారు. టైలరు తల దించుకున్నాడు.

"ఆయన... ఈమధ్య రావడం లేదండీ," అంది నర్సమ్మ.

"ఎలా వస్తాడు తల్లీ. పోయిన నెల నిద్రలోనే పోయాడు."

నర్సమ్మ బెంచీ అంచు పట్టుకుంది.

"ఆయనకి మా కథలతో ఏం పనండీ?"

"నా వేళ్ళిలా అయి నేను రాయడం మానేశాక, చదవడానికి ఇంట్లో ఏమీ లేక మీ దగ్గరికొచ్చాడు."

రచయిత్రి కాగితాల అంచులు కలిపి, ఆయనలాగే, నర్సమ్మ చేతికిచ్చారు.

"నా పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా అన్నయ్య చప్పిడి గొంతు దాటకుండా అచ్చుకి వెళ్ళలేదమ్మా."