ఉప్పు చేపకి ఉప్పు

వీసా విచారణకి వచ్చిన లక్ష్మణరావు చేతిలోని ఫైలులో పాత రిపోర్టు ఒకే ఒక్క వాక్యం. "వీరు ఒకే ఇంట్లో కలిసి ఉంటున్నట్టు నమ్మకం కలగలేదు."

కిందటేడు వచ్చిన అధికారి అలా రాసి చక్కా పోయాడు. అప్పీలు మీద ఈసారి వచ్చిన లక్ష్మణరావు కూడా అదే రాస్తే పుణ్యవతి నెల తిరిగేలోగా పెట్టె సర్దుకుని రంగూన్ వెళ్లిపోవాలి.

ఆ అమ్మాయి పుట్టింది అక్కడే. తాతల నాడు ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్ల పిల్ల. గురువమ్మ కొడుకు కాసుల్ని పెళ్లి చేసుకుని బరంపురం వచ్చింది. కాసులేమో సూరత్‌లో, మగ్గాల మిల్లులో. బరంపురంలో గోసాని నువాగాం పేట ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ ఇద్దరే. అది కాగితాల కోసం చేసుకున్న పెళ్లా, కాపురం కోసం చేసుకున్న పెళ్లా తేల్చాలంటే, ముందు ఈ ఇద్దరూ ఒక కప్పు కింద బతుకుతున్నారని తేలాలి.

రుజువులు చూద్దామంటే కరెంటు బిల్లు చనిపోయిన మామ పైడన్న పేరున ఉంది. గ్యాసు గురువమ్మ పేరున ఉంది. పుణ్యవతి పేరున ఆ ఇంటికి ఉత్తరం ముక్కయినా రాలేదు.

"అయితే ప్రశ్నలే గతి," అన్నాడు లక్ష్మణరావు. అత్తని వంటింట్లో ఉంచి, కోడల్ని అరుగు మీదికి పిలిచాడు.

"మీ అత్త పొద్దున్న లేవగానే ఏటి చేస్తాది?"

"ఎడం కాలి బొటనేలికి ఆవదం రాసుకుంటాది సార్. నొప్పి."

"టీలో ఎన్ని చెంచాల పంచదార?"

"సెంచా ఎక్కడిది సార్, సేత్తోనే ఎయ్యడం."

తరవాత అత్త వంతు. ఆవిడా అదే బొటనవేలు చెప్పింది. అదే ఎడం కాలు. పంచదార కూడా చేత్తోనే. కోడలికి దేనికి భయమంటే "బల్లికి బాబూ" అంది. కోడలు కూడా బల్లి అనే చెప్పింది.

పది ప్రశ్నలు. పదీ అచ్చు గుద్దినట్టు కుదిరాయి. లక్ష్మణరావు మొహం ముడుచుకుంది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి వాళ్లని ఎంతమందిని చూడలేదు? పక్కపక్కన కూర్చుని పరీక్షకి చదివినట్టు బట్టీ పట్టేస్తారు. పాపం, పిల్ల మంచిదానిలాగే ఉంది. కానీ ఏం చేస్తాం అనుకుంటూ, సంతకాల కోసం వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

గురువమ్మ పొయ్యి మీది కూర నాలిక్కి రాసుకుని చూస్తోంది.

"ఉప్పు సేపకి మల్లీ ఉప్పేసినావేటే?"

పుణ్యవతి చీపురు కింద పడేసింది. "మొన్న ఉప్పు సాల్లేదని కంచం తోసింది ఎవులు?"

"తోస్తాను. బడా బజార్లో ముప్పై ఏళ్లు ఎండుసేపలమ్మినదాన్ని. నువ్వా నాకు సెప్పడం?"

"నీ కొడుకు ఫోను సేస్తే గంట సేపు నువ్వే మాటాడతావు. నా సేతికొచ్చేసరికి సార్జింగుండదు."

"నా కొడుకు, నా ఇష్టం. ఇవేనేటి మీ అమ్మ నేర్పిన బుద్దులు?"

"మా అమ్మ జోలికొస్తే ఊరుకోను."

గిన్నె మూత దభీమని నేల మీద పడింది.

లక్ష్మణరావుకి ప్రాణం లేచి వచ్చింది. పొద్దున్న హల్దియాపదర్‌లో తన ఇంట్లో తల్లీ పెళ్లామూ సరిగ్గా ఈ 'అమ్మ జోలి' దగ్గరే ఆగారు. జవాబులు ఎవరైనా బట్టీ పడతారు. పోట్లాట ఎవరు బట్టీ పడతారు? ఇంత కమ్మగా తిట్టుకోవాలంటే ఒకే వంటింట్లో రోజూ ఒకరి మోచెయ్యి ఒకరికి తగలాలి.

"ఇంక ఆపండమ్మా," అని నవ్వి, అరుగు మీద కూర్చుని రాశాడు. "ఒకే ఇంట్లో ఉంటున్నారు. సందేహం లేదు." సంతకం పెట్టాడు. పుణ్యవతి ఆయన కాళ్లకి దండం పెట్టబోతే వారించి బండెక్కాడు.

వీధి చివరికి వెళ్లాక తల తడుముకున్నాడు. హెల్మెట్ అరుగు మీదే ఉండిపోయింది. వెనక్కి వచ్చి హెల్మెట్ అందుకున్నాడు. ఓరగా ఉన్న తలుపులోంచి ఒక్క క్షణం చూశాడు, విన్నాడు. ఫైలు చంకలో గట్టిగా అదిమి పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయాడు.

లోపల గురువమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంటే, ఆవిడ ఎడం కాలి బొటనవేలికి ఆముదం రాస్తూ కోడలు అంటోంది: "ఊరుకో అమ్మా, కిందటేడు మనం ఒకలినొకలు ఒక్క మాటయినా అనుకోనేదనే కదా ఆ బాబు నమ్మనేదు, నెల్లాళ్లు బట్టీ పట్టిన తిట్లు అయిపోనాయి, రేపట్నించి మల్లీ మామూలుగా ఉందాం."