ఏరి పెట్టినవి

ఆహార తనిఖీ అధికారి రష్మి ల్యాబ్ రిపోర్టు పట్టుకుని ఆదోనిలోని ఆలుగడ్డ చిప్స్ అంగడికి వచ్చింది. నెల కిందట శాంపిల్ తీసుకుపోయిందీ ఆమే.

"నూనె మంచిదే పెద్దమ్మా. గడ్డ మరీ ఎర్రగా వేగితే చెడ్డ రసాయనం ఒకటి పుడుతుంది. మీ చిప్స్‌లో అది చానా ఎక్కువుంది. రోజూ తింటే క్యాన్సర్ రావచ్చంటారు."

బాణలి ముందున్న అమీరున్నీసా గరిటె పక్కన పెట్టింది.

"పరీక్షకని అడిగితివి కదమ్మా. మంచి పేరు రావాలని ఎర్రగా కరకరలాడేటివి ఏరి కట్టిచ్చినాను. అమ్మేటివి ఇవి, సూడు."

గాజు డబ్బా నిండా లేత పసుపు చిప్సే ఉన్నాయి. రష్మి మనసు తేలికపడింది.

"ఇవైతే భయం లేదులే. ఎర్రటివి మాత్రం ఎవరికీ పెట్టొద్దు. ఇన్నాళ్లూ వాటిని ఏం చేస్తాంటివి?"

అమీరున్నీసా చెయ్యి పక్కనున్న చిన్న స్టీలు డబ్బా మీదికి పోయింది.

"నా మనవరాలికి అవంటేనే పానం. పాలపండ్లు వచ్చినప్పటి నుంచి రోజూ ఏరి పెడతాండాను."

రష్మి రిపోర్టు మడిచింది.

"గడ్డకు పరీక్ష చేసినారు," అంది ముసలామె. "తిన్న బిడ్డకు యాడ చేస్తారమ్మా?"