మలుపులో ఆగే వ్యాను

బడి వదిలాక రోడ్డు మలుపులో శైలజ పసుపు రంగు వ్యానెక్కడం ఝాన్సీ మేడం కళ్ళారా చూసింది.

ఒంటి మీద సర్కారు బడి యూనిఫాం. ఎక్కుతున్నదేమో ప్రైవేటు బడి వ్యాను. శైలజ వెనకే తొమ్మిదో తరగతి పిల్లలు ఇంకొందరు.

జూన్ నెల. ప్రైవేటు బళ్ళవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్చుకునే రోజులు.

ఝాన్సీ మేడం గుండ్లపోచంపల్లి దగ్గర ఆ సర్కారు హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్. ఒకప్పుడు రైతుల పిల్లలకు బెంచీలు చాలక కింద కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవారు. పొలాలు ప్లాట్లయ్యాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, ఆ ఇళ్ళ పిల్లలంతా ఇలాంటి వ్యాన్లెక్కి వెళ్ళిపోయారు. ఇప్పుడు వచ్చేది గోదాముల్లో మూటలు మోసేవాళ్ళ పిల్లలు, అపార్టుమెంట్లు కట్టే కూలీల పిల్లలు. వాళ్ళంటే మేడంకు ప్రాణం. ఎవరైనా జడ వేసుకోకుండా వస్తే తనే కూర్చోబెట్టి వేస్తుంది.

వాళ్ళ కోసమే ఆఫీసుల చుట్టూ తిరిగి కుట్టుమిషన్ల కోర్సు తెచ్చుకుంది. పదో తరగతి దాటేసరికి పిల్ల చేతిలో ఒక పని ఉండాలని ఆమె పట్టుదల. తొమ్మిదో తరగతిలో పిల్లలు తగ్గితే ఆ కోర్సు ఎత్తేసి, మిషన్లు శామీర్‌పేట వైపు ఇంకో బడికి పంపేస్తామని పైనుంచి మాట వచ్చింది. సోమవారం ఆఫీసరు వచ్చి చూస్తాడు.

సరిగ్గా ఇప్పుడే ఈ వ్యాను.

మేడం కొంగు దోపుకుని మలుపు దాకా నడిచింది.

"ఏమయ్యా, నీ పేరేంది?"

డ్రైవరు గబుక్కున కిందికి దిగాడు. యాభై దాటిన మనిషి.

"గాలయ్య, మేడం."

"మా పిల్లల్ని ఎందుకు ఎక్కించుకుంటున్నవ్?"

గాలయ్య అటూ ఇటూ చూశాడు. "ఊకెనే, మేడం. ఇటు దిక్కే పోతున్న గదా అని..."

"ఊకెనే ఎవరన్న వ్యాన్ల తిప్పుతరా?"

గాలయ్య తల గోక్కున్నాడు. "మేడం, కుట్టుమిషన్ల క్లాసు ఉంటదా, తీసేస్తరా?"

ఆ మాటతో మేడంకు ఒళ్ళు మండిపోయింది. కూపీ లాగడానికి కూడా ఈయన్నే పంపారన్నమాట.

"ఉంటదని మీ సారుకు చెప్పు. మా పిల్లల జోలికొస్తే మంచిగుండదని గూడ చెప్పు."

"సారుకు తెల్వనియ్యకుండ్రి, మేడం," అన్నాడు గాలయ్య చేతులు జోడించి.

దొంగ దొరికాడు, అనుకుంది మేడం.

మర్నాడు, శనివారం, శైలజను పిలిచింది.

"ఆ వ్యానాయన మీకు ఏం చెప్తున్నడే?"

శైలజ చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఎవ్వరికీ చెప్పద్దన్నడు, మేడం."

ఇంకేం కావాలి? మేడం ఆ ప్రైవేటు బడి యజమానికి ఫోన్ చేసి కడిగేసింది.

"మీ డ్రైవర్ గాలయ్య రోజూ మా పిల్లల్ని వ్యానెక్కించుకుంటున్నడు. ఇదేం పద్ధతి?"

"మా వ్యాన్లనా? నాకు తెల్వదు, మేడం. ఇయ్యాల్నే చూస్త."

తెల్వదంట, అని నవ్వుకుంది.

ఆ సాయంత్రం మలుపులో వ్యాను కనబడలేదు. మేడం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

సోమవారం ఆఫీసరు వచ్చేసరికి తొమ్మిదో తరగతి సగం ఖాళీ. శైలజ కూడా లేదు. పిల్లల్ని అప్పుడే చేర్చేసుకున్నారు కాబోలని మేడంకు కడుపు మండింది.

"శనివారం దాకా ఆగుతాను, మేడం. అప్పటికీ ఇంతేనైతే మిషన్లు పంపించక తప్పదు," అన్నాడు ఆఫీసరు.

ఆ సాయంత్రమే మేడం హైవే దాటి, గోదాముల వెనక రేకుల ఇళ్ళకు వెళ్ళింది. లారీల నడుమ రోడ్డు దాటేసరికే ప్రాణం పోయినంత పనైంది.

శైలజ బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడి ఉంది. సర్కారు బడి యూనిఫాం తీగ మీద ఆరుతోంది.

తల్లి సాలమ్మ గబగబా గోనెపట్టా పరిచి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"బిడ్డను ఏ బడిల ఏసినవ్, సాలమ్మా?"

"ఇంకో బడికి పంపనీకె మాకేడియి పైసలు, మేడం? మీ బడే."

"మరి పంపుతలేవేంది?"

"ఎట్ల పంపాలె? గీ లారీల నడుమ దాటి గంత దూరం పోవాలె. మేం తెల్లారకముందే పనికి పోతం. ఇన్ని దినాలు మా పక్కింటి గాలయ్యన్న తీస్కపోతుండె."

నీళ్ళ గ్లాసు మేడం చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఆళ్ళ బడి పిల్లల్ని దింపినంక, ఉత్త వ్యాన్ల మా పిల్లల్ని ఎక్కించుకొని మీ బడి ఎనక సందుల దింపుతుండె. సాయంత్రం మళ్ళ తెస్తుండె. సారుకు తెలిస్తే నౌకరి పోతదని పిల్లల్ని ఎవ్వరికీ చెప్పద్దన్నడు. కుట్టుమిషన్ల క్లాసు నిలవాల్నంటే ఒక్క దినం గూడ బడి ఆపొద్దని ఇంటింటికొచ్చి మమ్మల్ని కోప్పడేటోడు."

బడిబాట పేరుతో పిల్లల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ ఈ ఇళ్ళకు రావాల్సింది తను. ఎండగా ఉందనీ, హైవే దాటలేననీ ఈ ఏడు రానేలేదు.

"ఇప్పుడేడున్నడు?" గ్లాసు కింద పెట్టి అడిగింది మేడం.

"పనిలకెల్లి తీసేసిండ్రు, మేడం. నిన్ననే సామాను సర్దుకొని నాగారం దిక్కు పోయిండు. ఎవరో ఫోన్ చేసి చాడీ చెప్పిండ్రట."

సాలమ్మ కొంచెం దగ్గరికి జరిగింది.

"మీరొక్కసారి ఆ బడి సారుకు ఫోన్ చెయ్యుండ్రి, మేడం. మీరు చెప్తే వింటరు."